‘నా చేతిలో ఏమీ లేదు’: ఒక మిర్చి కమీషన్ వ్యాపారి కేస్ స్టడీ

గుంటూరు బ్రాడీపేటలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అంటారు: ‘నేను నాలా బతకడం లేదు.’ ఎన్నో ఏళ్ళు ఆ మాటను నేను ఒకే రకంగా అర్థం చేసుకున్నాను. మధ్యలో వదిలేసిన కోరిక ఏదో ఉంటుంది, దాన్ని వెతికి పట్టుకుంటే మనిషి తేలికపడతాడు అనుకునేదాన్ని. అలా అనుకోవడం వల్ల ఒక మనిషికి నా చేతులమీదుగానే బాధ పెరిగింది. ఆ కేసు ఇది.

దీన్ని రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊరు, కుటుంబం, చదువు, వ్యాపారం ఎంత పెద్దదన్నది, ఇలా గుర్తుపట్టగల వివరాలన్నీ మార్చాను లేదా వదిలేశాను. మిర్చి యార్డును మాత్రం మార్చలేదు. దాని మీద బతికే కుటుంబాలు గుంటూరు చుట్టుపక్కల లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి ఎవరినీ గుర్తుపట్టలేరు. పైగా యార్డు నడిచే తీరు తెలియకపోతే ఈ కేసు అర్థం కాదు.

నేపథ్యం

ఆయనకు నలభై అయిదేళ్ళ లోపు వయసు. తండ్రి మొదలుపెట్టిన కమీషన్ కొట్టును ఇరవై ఏళ్ళుగా చూసుకుంటున్నారు. వ్యవసాయానికి సంబంధించిన డిగ్రీ చదివారు. పీజీలో సీటు వచ్చిన ఏడాదే తండ్రికి పక్షవాతం వచ్చింది. సీటు వదిలేసి కొట్టులో కూర్చున్నారు. తమ్ముడు చదువుకుని అమెరికా వెళ్ళాడు. ఇంట్లో ఈ సంగతి ఎప్పుడు కదిలినా ‘పెద్దవాడి త్యాగం’ అనే మాటతోనే కదులుతుందని మొదటి రోజే చెప్పారు.

యార్డులో బయటివారికి కనిపించే పని సులువైనదే. రైతు తెచ్చిన టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కొట్టు ముందు దించుతారు. కొనేవాడు మచ్చు చూసి ధర చెబుతాడు. కాటా వేస్తారు. కొట్టుకు దాని కమీషన్ వస్తుంది. కనిపించని లెక్క వేరే ఉంటుంది. విత్తనానికి, ఎరువుకు, మందులకు, కోత కూలికి రైతు ముందుగానే కొట్టులో పెట్టుబడి తీసుకుంటాడు. పంటను అదే కొట్టుకు తెస్తాడు. అసలు, వడ్డీ పట్టుకోగా మిగిలింది రైతు చేతికి వస్తుంది. ఈ బంధంలో నమ్మకమూ ఉంటుంది, మెడకు ఉచ్చూ ఉంటుంది.

2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటలను తినేసింది. పూత మీదే పడడంతో కాయ నిలవలేదు. ఆ ఏడాది ఇచ్చిన పెట్టుబడులు చాలావరకు తిరిగి రాలేదు. తర్వాత ధరలు బాగా పెరగడం చూసి రైతులు మళ్ళీ అప్పు చేసి వేశారు. 2024-25 సీజనుకు ధర పడిపోయింది. రైతు దగ్గర ఇరుక్కున్న డబ్బు, ఆ డబ్బు కోసం తాను బయట తెచ్చిన అప్పు, రెండూ ఈయన మీదే ఉన్నాయి.

వచ్చిన ఇబ్బంది

2024 నవంబరులో ఒక ఫిజీషియన్ పంపగా వచ్చారు. ఛాతీ బిగుసుకుపోతోందని ఆయనే రెండుసార్లు ఆసుపత్రికి పరుగెత్తారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, షుగర్ అన్నీ బాగున్నాయి. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది, ఇక నిద్ర పట్టదు. తిండి సయించదు. ఫోను మోగితే ఎవరో చూసి పక్కన పెట్టేస్తారు. “కొట్టు తాళం తీసేటప్పుడు చెయ్యి బరువెక్కుతుంది మేడమ్” అన్నారు. కుంగుబాటును కొలవడానికి వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 16 వచ్చింది. అంటే తేలిగ్గా తీసుకోదగ్గ స్థితి కాదు.

అందులో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. ఆయన ‘కొన్ని రోజులు’ అని గుర్తు పెట్టారు. నేను నేరుగా అడిగాను. బతకాలని లేదనిపిస్తుంది కానీ ఏదైనా చేసుకోవాలనే ఆలోచన లేదన్నారు. ఆయన అనుమతితో ఆ రోజే భార్యకు చెప్పాం. ఏ వేళలోనైనా మాట్లాడేందుకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ పెట్టించాను. పురుగుమందు డబ్బాలు ఇంట్లోనూ కొట్టులోనూ చేతికందే చోట ఉండే వృత్తి కాబట్టి వాటిని అక్కడి నుంచి తీయించాం. సైకియాట్రిస్టు దగ్గరకు పంపాను. అక్కడ మందు మొదలుపెట్టారు.

మొదటి ఆరు వారాలు

ఆయన మొదటి రోజు నుంచే అడుగుతున్న ప్రశ్న పెద్దది: ‘ఈ జన్మకు నేను ఏమిటి?’ దాన్ని కావాలనే పక్కన పెట్టాను. కుంగుబాటులో ఉన్న మనిషికి వెనక ఉన్నదంతా పోగొట్టుకున్నదిగా, ముందున్నదంతా మూసుకుపోయినదిగా కనిపిస్తుంది. ఆ స్థితిలో జీవితం మీద తీర్పు ఇవ్వనివ్వకూడదు. అందుకని ముందు నిద్ర వేళలు సరిచేశాం, పొద్దున నడక, రోజుకు రెండు చిన్న పనులు తప్పకుండా చేయడం మొదలుపెట్టాం. డిసెంబరు ఆఖరుకు స్కోరు 11కు దిగింది. నిద్ర అయిదింటి దాకా పట్టసాగింది. ఛాతీ బిగింపు మాత్రం కదల్లేదు.

రెండో సెషన్లో జరిగిన ఒక చిన్న సంగతిని ఇక్కడ చెప్పాలి. ఎండుమిర్చిలో రకాల తేడా ఏమిటని ఊరికే మాటవరుసకు అడిగాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. యార్డులో అందరూ 334 అనే రకం గుంటూరు పక్కనున్న లాం పరిశోధన స్థానంలో పుట్టిందని, దాని అసలు పేరు ఎల్‌సీఏ 334 అని, కాయను చేత్తో నలిపితే వచ్చే చప్పుడును బట్టి తేమ ఎంతుందో చెప్పవచ్చని, రైతు కళ్ళంలో ఏ పొరపాటు చేస్తే తాలు, అంటే రంగు పోయిన నాసి కాయ, ఎక్కువవుతుందో పదిహేను నిమిషాలు చెప్పారు. ‘ఈ విషయంలో ఉత్సాహం ఉంది’ అని నా పుస్తకంలో రాసుకుని వదిలేశాను. ఈ కేసుకు తాళంచెవి ఆ పదిహేను నిమిషాల్లోనే ఉంది. నాకు అది ఫిబ్రవరి చివరి దాకా తెలియలేదు.

నేను చేసిన తప్పు

జనవరిలో మనసు కాస్త తేటపడిందనిపించి ఆ పెద్ద ప్రశ్నకు వెళ్ళాం. “మీకు నిజంగా కావలసింది ఏమిటి?” అని అడిగాను. చాలాసేపు ఏడ్చారు. “నేను శాస్త్రవేత్తను కావలసినవాణ్ణి. ఈ కొట్టులో ఉన్నది నేను కాదు” అన్నారు.

ఏడుపు లోతుగా వచ్చింది కాబట్టి ఆ మాట నిజమనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది. కన్నీళ్ళు బాధ ఉందని చెబుతాయి, ఆ బాధకు మందు ఏమిటో చెప్పవు. అయినా ఇద్దరం కలిసి ఒక ప్రణాళిక వేశాం. వారానికి రెండు రోజులు కొట్టును గుమాస్తాకు అప్పగించడం, పరిశోధన రంగంలో ఉన్న పాత సహాధ్యాయులను కలవడం, పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి దారులు కనుక్కోవడం.

మొదటి వారం పెళ్ళికి వెళ్ళినంత సంబరంగా వెళ్ళారు. రెండో వారం ముభావంగా వచ్చారు. మూడో వారం ఆ సహాధ్యాయులు పనిచేసే చోటు గేటు దాకా వెళ్ళి, కారులోనే అరగంట కూర్చుని తిరిగొచ్చారు. “అక్కడ అందరూ ఆప్యాయంగానే మాట్లాడారు. నాకే ఎవరిదో చొక్కా వేసుకుని వెళ్ళినట్టు అనిపించింది. ఇక్కడా నేను కాదు, అక్కడా నేను కాదు. అయితే నేను ఎక్కడ ఉన్నాను మేడమ్?” అన్నారు. స్కోరు 17. మొదటి రోజుకన్నా ఒకటి ఎక్కువ.

సరిగ్గా ఆ రోజుల్లోనే ధరలు ఇంకా దిగాయి. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం మిర్చికి క్వింటాలుకు రూ. 11,781 ధర ప్రకటించింది. పెట్టిన ఖర్చు కూడా దానితో రాదని రైతులు కొట్టుల ముందు కూర్చుని వాపోయేవారు. కాబట్టి స్కోరు పెరగడంలో నా ప్రణాళిక పాలెంత, యార్డు పరిస్థితి పాలెంత అన్నది విడదీయలేను. కానీ ఉన్న ఆశను ఒక చోట పెట్టించి, అది కూలేలా చేసింది నేనే. ఈయనకు పీజీ సీటు వచ్చినప్పటి వయసు ఇరవై రెండు. ఆ కుర్రవాడి కోరికను, నా ముందున్న మనిషి మీద ఈ ఇరవై ఏళ్ళు చేసిన పనిని ఏమాత్రం లెక్కలోకి తీసుకోకుండా, తెచ్చి తగిలించాను.

కంగారులో ఇంకో తప్పు కూడా చేశాను. తండ్రికీ కొడుకుకూ మధ్య మాట లేకపోవడమే అడ్డంకి అనుకుని, ఏ సన్నాహమూ లేకుండా ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టాను. కొడుకు “నాకు ఊపిరాడడం లేదు నాన్నా” అన్నారు. తండ్రి చేతికర్ర మీద గడ్డం ఆన్చి, “ఈ కొట్టు మీ అందరికీ అన్నం పెట్టింది. నీకు ఇప్పుడు చేదైందా?” అన్నారు. అంతే. తర్వాత రెండు వారాలు ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. తమకు ఏం కావాలో ఇంకా తెలియని మనిషిని పెద్దవారి ముందు నిలబెడితే ఫిర్యాదు తప్ప ఏం చెప్పగలరు?

మలుపు

ఫిబ్రవరి చివర్లో భార్యను ఒక్కరినీ రమ్మన్నాను. నేను అడిగింది ఒకటే: “ఈ మధ్య ఆయన ఎప్పుడైనా మామూలుగా కనిపించారా?” ఆమె కాసేపు ఆలోచించి చెప్పారు: “రాత్రి పదింటికి ఎవరో రైతు ఫోన్ చేసి ఆకుముడత వచ్చిందంటే లేచి కూర్చుంటారండీ. ఫోటో పంపమని, ఆకు కింద వైపు చూడమని అరగంట మాట్లాడతారు. ఆ గొంతు వేరు. అదే రైతుతో పొద్దున కొట్టులో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఉండదు.”

అదే రైతు, అదే మనిషి, రెండు గొంతులు. నేను శాస్త్రవేత్తా వ్యాపారా అని వృత్తుల మధ్య వెతుకుతుంటే, తేడా ఒకే రోజులో రెండు మాటల మధ్య ఉందని ఆమె చూపించారు. 334 గురించి విన్న పదిహేను నిమిషాలు అప్పుడు గుర్తొచ్చాయి.

అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ మనిషిలోని ఒక పొంతనలేమి గురించి రాశాడు. లోపల జరుగుతున్న అనుభవం ఒకటి, తన గురించి తాను నమ్ముతూ బయటికి చూపించేది ఇంకొకటి అయినప్పుడు, ఆ ఎడం నుంచి ఆందోళన పుడుతుంది. నేను దీన్ని విద్యార్థిగా చదివాను, తర్వాత పాఠంగా చెప్పాను. కానీ ఎడాన్ని ఎప్పుడూ జీవితం మొత్తం మీద వెతికాను. గంటల మీద వెతకాలని ఈ కేసులోనే తెలిసింది.

ఆయనకు ఒక నోటు పుస్తకం ఇచ్చాను. రోజూ మూడు గడులు నింపాలి. గడియారం చూడకుండా గడిచిన సమయం ఏది? ఛాతీ బిగుసుకున్న సమయం ఏది? అది బిగుసుకునే ముందు, మీరు నమ్మని మాట ఏదైనా అన్నారా? మూడో గడి పెట్టడానికి తటపటాయించాను. నేరం మోపినట్టు ఉంటుందేమో, కుంగిన మనిషి తనను తాను ఇంకా తిట్టుకుంటాడేమో అని భయం. అందుకే “ఇది తప్పుల పట్టిక కాదు, మాట మాత్రం రాయండి, దాని మీద తీర్పు రాయవద్దు” అని రెండుసార్లు చెప్పాను.

పన్నెండు రోజుల తర్వాత పుస్తకం తెచ్చారు. మొదటి గడిలో తెల్లవారుజామున యార్డులో లారీల పక్కన రైతులతో కూర్చుని కాయ చూసిన సమయాలు, రాత్రి ఫోన్లు ఉన్నాయి. రెండో గడి ఉదయం తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య నిండిపోయింది. మూడో గడిలో ఒకే వాక్యం తొమ్మిదిసార్లు ఉంది: ‘నా చేతిలో ఏమీ లేదు బాబాయ్.’

ధర నచ్చని రైతు సరుకును ఏసీలో, అంటే శీతల గిడ్డంగిలో పెట్టుకుని ఆగుతానంటాడు. ఆగితే ఈయనకు రావలసిన పెట్టుబడి ఆగుతుంది, బయటి అప్పు వడ్డీ పెరుగుతుంది. అందుకని ‘ధర ఇంకా పడుతుంది, ఈ రోజే ఇచ్చేయండి, నా చేతిలో ఏమీ లేదు’ అంటారు. ధర పడుతుందో లేదో ఆయనకు తెలియదు. ఆయన చేతిలో ఏమీ లేకపోవడమూ నిజం కాదు. రాత్రి అదే రైతు తోటను కాపాడడానికి అరగంట మాట్లాడిన నోటితో పగలు ఆ మాట అంటున్నారు. పుస్తకం నా ముందు పెట్టి, “యార్డులో అందరూ అనే మాటే ఇది. నేను అబద్ధమాడుతున్నానని నాకు ఇప్పటిదాకా తెలియదు” అన్నారు. గొంతు వణికింది కానీ ఈసారి ఏడవలేదు.

ఏం చేశాం, ఎందుకు

ఇక్కడ నాకు రెండు దారులు కనిపించాయి. పెట్టుబడుల వ్యాపారం మానేయమనవచ్చు. అది నా పని కాదు, ఆయన అప్పుల లెక్క నాకు తెలియదు, పైగా ఒకసారి పెద్ద అడుగు వేయించి పడేశాను. రెండోది, ఒక్క వాక్యాన్ని వారం రోజులు మార్చి చూడడం. రెండోదాన్నే ఎంచుకున్నాను. కొత్త వాక్యం ఆయనే కట్టుకున్నారు: “నాకు డబ్బు అవసరం ఉంది, అందుకే ఈ రోజు అమ్మమంటున్నాను. ధర ఏమవుతుందో నాకు తెలియదు. మీరు ఏసీలో పెట్టుకుంటే బాకీ మీద ఇంత వడ్డీ పడుతుంది, గిడ్డంగి అద్దె ఇంత అవుతుంది. లెక్క చూసుకుని చెప్పండి.”

రైతులందరూ పక్క కొట్టుకు వెళ్ళిపోతారని ఆయన భయం. వారానికి ముందే ఎందరు వెళతారో అంకె రాయించాను. పదకొండు మందిలో ఎనిమిది మంది అని రాశారు. వెళ్ళినవారు ఇద్దరు. అయిదుగురు అదే రోజు అమ్మేశారు. నలుగురు ఏసీలో పెట్టుకున్నారు. ఆ నలుగురి డబ్బు ఆగడంతో ఆయనకు నిజంగానే ఇబ్బంది వచ్చింది. దాన్ని నేను తక్కువ చేసి చెప్పను. కానీ ఆ వారం ఛాతీ బిగింపు రెండుసార్లే వచ్చింది.

తర్వాతి రెండు నెలలూ మా సెషన్లు సగం మనస్తత్వశాస్త్రం, సగం ఖాతా పుస్తకం. వచ్చే సీజనుకు ఎంతమందికి, ఎంతవరకు పెట్టుబడి ఇస్తే రైతు మీద ఒత్తిడి పెట్టకుండా తాను తట్టుకోగలడో ఆయన లెక్కలు వేశారు. ఇచ్చేది సగానికి తగ్గించాలి. టిక్కీలు మూడో వంతు తగ్గుతాయి. ఇంటి మీద వేయాలనుకున్న అంతస్తు ఆగిపోతుంది. దీనికి భార్య వెంటనే సరే అనలేదు. పది రోజులు ఆలోచించి, నగలు తాకట్టు పెట్టబోనన్న షరతుతో ఒప్పుకున్నారు. ఆ షరతు మంచిదే అనిపించింది.

తండ్రి విషయంలో మనస్తత్వవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల ఆలోచన నాకు దారి చూపింది. స్వయంనిర్ణయం అంటే ఎవరి మీదా ఆధారపడకుండా విడిపోవడం కాదని, చేస్తున్న పనిని మనసారా తనదిగా ఒప్పుకోగలగడమని వారు తేడా చెబుతారు. మన ఇళ్ళలో ఈ తేడా ప్రాణమంత ముఖ్యం. తండ్రి నుంచి తెంచుకోవడమే నిజాయితీ అయితే ఈయన ఎప్పటికీ నిజాయితీగా ఉండలేరు, ఉండాలని కోరుకోరు కూడా. ఏప్రిల్లో ఆయన తండ్రి దగ్గరకు అనుమతి కోసమో, ఫిర్యాదుతోనో వెళ్ళలేదు. నిర్ణయంతో, లెక్కలతో వెళ్ళారు. నేను లేను. ఇంట్లోనే, రాత్రి భోజనాలయ్యాక మాట్లాడారు. తండ్రి అంకెలన్నీ చదివించుకుని, “నష్టం ఇంతేనా, ఇంకా దాస్తున్నావా?” అని అడిగారట. ఇంతేనన్నాక, “నా కళ్ళముందు కొట్టు మూయకు” అన్నారట. ఆయన ఆశీర్వదించలేదు, ఒప్పుకున్నానని కూడా అనలేదు. ఇప్పటికీ రోజూ ఎన్ని టిక్కీలు వచ్చాయని అడుగుతారు. అంకె విని నిట్టూరుస్తారు.

మేలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చినప్పుడు ఆయన పల్నాడు వైపు ఊళ్ళకు వెళ్ళి, పెట్టుబడి తగ్గించిన రైతులందరికీ ముఖాముఖి కారణం చెప్పారు. కొందరు తిట్టారు. ఒకరు భోజనం పెట్టారు.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

‘మీకు నిజంగా ఏం కావాలి’ అనే ప్రశ్నను ఇప్పుడు ముందుగా అడగను. దానికి వచ్చే జవాబు చాలాసార్లు ఇంట్లో పదేపదే చెప్పుకున్న కథ. దాని బదులు నిన్నటి రోజు గంటగంటకూ ఎలా గడిచిందో అడుగుతాను. మనిషి నోటితో అంటూ ఒంటితో ఒప్పుకోని మాట ఎక్కడుందో వింటాను. సంతోషం, జీవితానికి అర్థం అనేవి ఈయన విషయంలో కొత్త వృత్తిలో దొరకలేదు. ఉన్న పనిలోనే రాత్రి గొంతు పగటికి రావడంలో దొరికాయి. అందరికీ ఇలాగే జరుగుతుందని అనడం లేదు. నిజంగానే పని మారవలసినవారు ఉంటారు. ఇద్దరిని అలా మారడానికి నేనే ప్రోత్సహించాను, వారు బాగున్నారు. కానీ ఆ సంగతి తేల్చేది కన్నీళ్ళు కాదు, ఆ పనిలో గడిపిన కొన్ని మామూలు రోజులు.

ఇంకొకటి నన్ను వదలని విషయం. ఈయనకు సొంత ఇల్లు ఉంది, మూడో వంతు రాబడి తగ్గినా ఇల్లు గడుస్తుంది. అదే యార్డులో టిక్కీలు మోసే హమాలీ వచ్చి ‘నేను నాలా బతకడం లేదు’ అంటే, ఒక వాక్యం మార్చుకునే వెసులుబాటు కూడా అతనికి ఉండకపోవచ్చు. అప్పుడు నేను చేయవలసింది అతని మాటను సరిచేయడం కాదు. కూలి గురించి, అప్పు గురించి, సంఘం గురించి మాట్లాడగలిగినవారి దగ్గరకు అతనితో కలిసి వెళ్ళడం. అది నాకు ఇంకా సరిగా చేతకాదు. నేర్చుకుంటున్నాను.

మొత్తం పంతొమ్మిది సెషన్లు జరిగాయి. ఆగస్టులో స్కోరు 6. సైకియాట్రిస్టు మందు తగ్గిస్తున్నారు. అప్పు ఇంకా ఉంది. ధర పడిన రోజు నిద్ర ఇప్పటికీ చెదురుతుంది. ఫోను మాత్రం ఎవరిదో చూడకుండానే ఎత్తుతున్నారని భార్య చెప్పారు.

ఈ రచన చిత్తుప్రతిని ఆయనకు చదవడానికి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత తిరిగి తెచ్చారు. పీజీ సీటు గురించి నేను రాసిన చోట ‘కుటుంబం కోసం త్యాగం చేశారు’ అని ఉండేది. ఆ మాట కింద పెన్సిలుతో గీత గీశారు. “ఇది తీసేయండి మేడమ్. నాన్నకు బాగులేకపోవడం నిజమే. కానీ అక్కడ నెగ్గుకురాలేనేమోనని అప్పటికే భయపడుతున్నాను. ఆయన జబ్బు నాకు సాకు అయింది. ఇది ఇంట్లో ఇంకా చెప్పలేదు, చెబుతాను” అన్నారు.

ఆ వాక్యం కొట్టేసి, ‘సీటు వదిలేసి కొట్టులో కూర్చున్నారు’ అని రాశాను.